ఎండాకాలంలో కొలిచిన నివేదికతో చెరువుల సంగతి తేలుతుందా?

ప్రశ్న (ఏర్పేడు ప్రాంత రైతు):

మాది ఏర్పేడుకూ శ్రీకాళహస్తికీ నడుమ ఉన్న చిన్న పల్లె. మా ఊరి పక్కన ప్రభుత్వం పారిశ్రామిక పార్కు పెట్టదలచి, పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని పత్రికలో ప్రకటన ఇచ్చింది. పార్కు వద్దని మేము అనడం లేదు. మా పిల్లల్లో సగం మంది రోజూ బస్సెక్కి శ్రీసిటీకి పోయి వస్తున్నారు, ఊరి దగ్గరే పని దొరికితే సంతోషమే. అయితే పార్కు వల్ల పర్యావరణంపై పడే ప్రభావం గురించి పంచాయతీ ఆఫీసులో పెట్టిన ముసాయిదా నివేదిక దిండంత లావున ఇంగ్లీషులో ఉంది, తెలుగు సారాంశం మాత్రం కొన్ని పేజీలే. స్థలంలో నీటి వనరులేవీ లేవని సారాంశంలో రాశారు. స్థలం లోపల చెరువు లేని మాట నిజమే గానీ, మా ఊరి చెరువుకు నీళ్లు తెచ్చే వంక మాత్రం ఆ భూమి నడిమధ్య గుండానే వస్తుంది. నీటినీ గాలినీ మార్చి నుంచి మే వరకు పరీక్షించినట్లు ఉంది. ఇలాంటి నివేదికను ఎలా చదవాలో, ఏమి అడగాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1 (తిరుపతి, విశ్రాంత అధ్యాపకుడు):

మీరు పట్టుకున్నది అసలైన విషయమే. పర్యావరణ అనుమతులపై 2006 సెప్టెంబరు 14న వెలువడిన కేంద్ర నోటిఫికేషన్ కింద, నివేదికలో ఏమేమి చూడాలో చెబుతూ ఇచ్చే పరిశీలనాంశాల్లో, వర్షాకాలం కాక మరేదైనా ఒక ఋతువులో కొలిస్తే చాలునని సాధారణంగా ఉంటుంది కాబట్టి, మార్చి నుంచి మే దాకా కొలవడం నిబంధనకు విరుద్ధం కాదు. చిక్కంతా మన నేలతోనే. మీ వైపు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాల్లో. స్వర్ణముఖి నది ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. మే నెలలో వచ్చినవారికి వంక ఎండిన గాడిలాగానూ చెరువు మేతబీడులాగానూ కనబడతాయి. వాళ్లు చూసినదే రాశారు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలోని గూడబాతులు శీతాకాలంలో చుట్టుపక్కల చెరువుల్లో మేత వెతుక్కుంటాయి, అవే చెరువులను మే నెలలో చూసినవారికి కొంగ కూడా కనబడదు. దాన్ని ‘పక్షులు లేవు’ అని రాస్తే లెక్క సరైనదే, అర్థం మాత్రం తప్పు.

నేనైతే మొదట వాననీటి లెక్క అడుగుతాను. 100 ఎకరాలపై 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 4 కోట్ల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. నేడు అందులో కొంత నేలలోకి ఇంకుతోంది, కొంత నెమ్మదిగా వంకలోకి జారుతోంది. పైకప్పులూ సిమెంటు రోడ్లూ వచ్చాక ఆ నీరంతా ఒక్కసారిగా పరుగెత్తుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మొరవ (మిగులు నీరు పొర్లే చోటు) పోతే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి, దిగువ పల్లెలను ఖాళీ చేయించిన రోజులు మనకు గుర్తున్నాయి కదా. ఆ నవంబరు వానల స్థాయిలో పార్కు నుంచి ఎంత నీరు, ఏ దారిన, ఏ చెరువులోకి వెళ్తుందో నివేదికలో పటంతో సహా ఉందో లేదో చూడండి. వంకను మళ్లిస్తామని ఉంటే, కొత్త కాలువ వెడల్పూ లోతూ ఎంతో, దాన్ని నిర్వహించే బాధ్యత ఎవరిదో కూడా అడగండి.

జవాబు 2 (గతంలో నమూనాలు సేకరించిన ఉద్యోగి):

నేను కొన్నేళ్లు ఒక ప్రయోగశాల తరఫున ఇలాంటి నివేదికల కోసం నమూనాలు సేకరించాను. గాలి పరీక్ష యంత్రాన్ని తరచుగా పాఠశాల మేడపైనో పంచాయతీ ఆఫీసు మీదో పెట్టేవాళ్లం, ఎందుకంటే కరెంటు అక్కడే ఉండేది. 24 గంటల సగటున పీఎం10 (గాలిలోని సన్నని ధూళి) ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములకు మించకూడదన్న ప్రమాణంతో పోల్చి పట్టిక నింపేవారు. అంకె కన్నా, యంత్రం గాలివాలుకు ఏ వైపున ఉందన్నది ముఖ్యం. మీ నివేదికలో గాలి దిశ చిత్రం ఉంటుంది, యంత్రాలు పెట్టిన ఊళ్లను దాని పక్కన పెట్టి చూడండి.

రెండోది మొక్కలూ జంతువుల జాబితా. సాధారణంగా స్థలం చుట్టూ 10 కిలోమీటర్ల మేర చూడాలి. నేను పనిచేసిన చోట ఒకసారి కోస్తా జిల్లా నివేదిక నుంచి చేపల జాబితా యథాతథంగా ఎక్కించారు. ఎండిన చెరువులో పండుగప్ప ఉన్నట్లు అచ్చయింది. ఎవరూ చదవలేదు గనుక ఎవరూ అడగలేదు. మీరు చదవండి. మీ గుట్టల్లో ఎర్రచందనం ఉంటే అది జాబితాలో ఉందా? మీరు ఏనాడూ చూడనివి ఉన్నాయా? ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తును తిరస్కరించవచ్చనీ, ఇచ్చిన అనుమతినైనా రద్దు చేయవచ్చనీ అదే నోటిఫికేషన్‌లో ఉంది.

జవాబు 3 (సోమల మండలం పక్క ఊరి మహిళా రైతు):

అన్నా, సభకు మీరొక్కరే వెళ్లకండి. ముందుగానే ప్రశ్నలను కాగితంపై రాసి కాలుష్య నియంత్రణ మండలికి అందజేసి, రసీదు తీసుకోండి. ‘మాకు అన్యాయం జరుగుతుంది’ అంటే ‘పరిశీలిస్తాం’ అన్న జవాబుతో సరిపెడతారు. ‘వంకను ఎక్కడికి మళ్లిస్తారు’ అని అడిగితే స్థలం పేరు చెప్పక తప్పదు. అధికారులు సభను వీడియో తీయాలి, చివర్లో చర్చల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. అది వినకుండా ఇంటికి వెళ్లిపోవడమే మన అలవాటు. బువ్వ వేళయినా సరే, ఆగి వినండి; మీ మాట అందులో లేకపోతే అక్కడికక్కడే చెప్పండి.

ఇంకొక సంగతి. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపలికి తర్వాత వచ్చే ఫ్యాక్టరీలకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. కాబట్టి ఏ రకం పరిశ్రమలు వస్తాయో, వాటి మురుగునీరు ఎక్కడికి పోతుందో అడిగే అవకాశం మీకు ఇదొక్కటే కావచ్చు.

ప్రభుత్వ ప్రాజెక్టు కదా, మనమాట ఎవరు వింటారని అనుకోకండి. మా వైపు ఆవులపల్లి జలాశయానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని 2023 మేలో, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం రద్దు చేసింది. ఆ వ్యవహారం తర్వాత సుప్రీంకోర్టుకూ వెళ్లింది. అనుమతిపై ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది, తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఇవ్వవచ్చు.

అడిగిన రైతు:

అందరికీ నమస్కారాలు. నిన్న తెల్లవారగానే, మా చెరువు తూము చూసుకునే పెద్దాయనను వెంటబెట్టుకుని వంక పొడవునా నడిచాను. మొరవ దగ్గర నుంచి పార్కు హద్దు రాయి దాకా టేపుతో కొలిస్తే, వంక ఇరుకైన చోటే 14 అడుగుల వెడల్పు ఉంది. నివేదికలోని పటంలో అదే చోట ‘బండిదారి’ అని రాసి ఉంది. ఆ పేజీ నకలు మీద పెద్దాయన వేలిముద్రా నా సంతకమూ వేసి, సోమవారం తిరుపతిలో ఇచ్చి రసీదు తీసుకుంటాను. గాలి దిశ చిత్రం మాత్రం నాకు ఇంకా అర్థం కాలేదు. ఫోటో తీసి ఇక్కడ పెడతాను, నమూనాల సార్ ఒకసారి చూడగలరు.