క్రిస్మస్ కూడిక పనుల పంపకం: విశాఖపట్నం నుంచి

సమన్వయకర్త:

మెల్‌బోర్న్‌లోని మన తెలుగు సహవాసం సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను సెలవు మీద విశాఖపట్నం వచ్చి పది రోజులైంది. డిసెంబరు కూడికలో ఎవరు ఏ పని చేయగలరో తెలియజేయమని అడిగితే ముప్పై ఒక్క జవాబులు వచ్చాయి. వారిలో పంతొమ్మిది మంది పాడతామన్నారు, ఆరుగురు వాద్యాలు వాయిస్తామన్నారు, నలుగురు వ్యాఖ్యానం చేస్తామన్నారు. భోజనాల తరువాత గిన్నెలు కడగడానికి ఇద్దరు పేరిచ్చారు. సొంతంగా రాలేని పెద్దవారిని ఇంటి నుంచి తీసుకువచ్చి మళ్లీ దింపడానికి ఒక్కరు కూడా ముందుకు రాలేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఎందుకంటే నేనే ప్రశ్నను సరిగా అడగలేదు. 'మీకు ఏమి వచ్చు' అని అడిగాను కాబట్టి అందరూ వేదిక మీద కనబడే విద్యలనే రాశారు. 'ఎవరికి ఏమి కావాలి' అన్న మాటతో మొదలుపెట్టి ఉండవలసింది.

పిల్లల నాటకానికి దేవదూతల అంగీలు ఇక్కడే కుట్టిస్తున్నానని మీకు తెలుసు. పాత పోస్టాఫీసు దగ్గర ఉండే మా మేనత్త నలభై ఏళ్లుగా కుట్టుపని చేస్తోంది. పూర్ణా మార్కెట్‌లో తెల్ల పాప్లిన్ తీసుకుని ఆమె ముందు పెట్టి, కూలి ఎంతో చెప్పమంటే, 'పిల్లల కొలతలు చెప్పు చాలు' అన్నది. నిన్న పూర్తయిన అంగీని తిరగేసి చూస్తే, అంచు లోపల రెండంగుళాల గుడ్డ మడిచి, పైకి కనబడకుండా సన్నని చేతికుట్టు వేసి ఉంది. ఎందుకని అడిగితే, వచ్చే ఏటికి పిల్లలు పొడుగవుతారని, అప్పుడు కుట్టు విప్పితే అవే అంగీలు మళ్లీ పనికివస్తాయని చెప్పింది. తాను ఎన్నడూ చూడని, బహుశా చూడబోని పిల్లల ఎదుగుదలను ఆమె ఆ మడతలో లెక్క వేసి పెట్టింది.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలోని తబితా అనే శిష్యురాలు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది. ఆమె ఊరు యొప్పే కూడా మన విశాఖలాగే సముద్రపు ఒడ్డున ఉన్న రేవు పట్టణమే. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలిచి, ఆమె తమతో ఉండగా కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపిస్తూ ఏడ్చారు. ఆమె బోధించినదనో పాడినదనో అక్కడ రాయలేదు. ఆమె చేతిపనే వారి చేతుల్లో ఉంది.

ఇక 'నాకు ఏ తలాంతూ లేదు' అని విడిగా సందేశం పంపినవారికి ఒక మాట చెప్పాలి. తలాంతు అంటే మనం ప్రతిభ అనుకుంటాం గాని, మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలోని ఉపమానంలో యజమాని ముగ్గురు దాసులకు అప్పగించిన తలాంతు అసలు డబ్బు తూకం. అది సుమారు ఆరు వేల దేనారాలకు సమానమని, దేనారము ఒక రోజు కూలి అని లెక్క చూస్తే, ఒక్క తలాంతు అంటే దాదాపు ఇరవై ఏళ్ల కష్టార్జితం. కాబట్టి మూడో దాసునికి యజమాని ఇచ్చినది చిన్న మొత్తమేమీ కాదు. అతడు భయపడి దానిని భూమిలో దాచిపెట్టాడని వాక్యం చెబుతోంది. కారు నడపడం, లెక్కలు రాయడం, ఓపికగా ఒకరి మాట వినడం మీకు వచ్చినవే అయితే, దయచేసి వాటినీ రాయండి.

ఇంకొక చిన్న సంగతి. అలంకరణకు ఏటికొప్పాక లక్క నక్షత్రాలు తీసుకువస్తున్నాను. చెక్కవస్తువులు కాబట్టి విమానాశ్రయంలో ప్రయాణికుల కార్డులో ప్రకటిస్తాను. పాలపదార్థాలున్న మిఠాయిలు మాత్రం నన్ను తెమ్మని అడగవద్దు.

సంగీత బృందం బాధ్యులు:

అన్నయ్యగారికి వందనాలు. మీ మాటల్లో పాటను కొంత తక్కువ చేసినట్టు అనిపించి మొదట నొచ్చుకున్నాను. మంచం మీద ఉన్న మా అమ్మమ్మ చివరి నెలల్లో మనుషులను గుర్తుపట్టలేకపోయినా, పాత కీర్తన ఎత్తుకుంటే రెండో చరణం తానే అందుకునేది. కనుక పాట వేదిక కోసమే అని ఎవరూ అనుకోకూడదు. అయితే పంతొమ్మిది మందీ ఒకేసారి నిలబడవలసిన అవసరం లేదన్నది నిజం. ఎనిమిది మంది కూడికలో పాడతారు. తక్కిన పదకొండు మంది ఆ ముందు వారంలో, రాలేని పెద్దవారి ఇళ్లకు ముగ్గురు నలుగురుగా వెళ్లి, వారు కోరిన కీర్తనలే పాడి వస్తారు. నేనూ ఆ రెండో గుంపులోనే ఉంటాను. ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు అభ్యాసం ఉంది. మీకు అక్కడ మధ్యాహ్నం రెండున్నర అవుతుంది కాబట్టి వీలైతే ఆన్‌లైన్‌లో చేరండి.

కొత్తగా చేరిన సభ్యురాలు:

అందరికీ వందనాలు. మాది గాజువాక. జూన్‌లో ఇక్కడికి వచ్చాము. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పూడుకుపోతుంది, పాట అసలే రాదు. విడిగా సందేశం పంపినవారిలో నేనూ ఒకదానిని. పెళ్లికి ముందు మూడేళ్లు చిన్నపిల్లలకు తెలుగు చేతిరాత నేర్పాను. ఇక్కడ పుట్టిన పిల్లలు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదవడం పోయిన కూడికలో చూశాను. నాలుగు శనివారాలు ఇస్తే, కూడికలో చదివే ఆ ఒక్క భాగమైనా తెలుగు అక్షరాల్లోనే చదవగలిగేలా చేస్తాను. పెద్దవారి కోసం వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం కూడా నాకు ఇష్టమే. ఇది పనికివస్తుందో లేదో మీరే చెప్పాలి.

సమన్వయకర్త:

సిస్టర్ గారూ, తప్పక పనికివస్తుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ మన విశాఖపట్నానికే వచ్చారు. వారి సువార్త అనువాదానికి ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి తోడ్పడ్డాడు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యే నాటికి ఆ ఇద్దరు మిషనరీలూ బతికి లేరు. భాష తెలిసినవాడు తనకు తెలిసినది ఇచ్చాడు కాబట్టే పుస్తకం చేతికి వచ్చింది. మీరు చేస్తామంటున్నది ఆ వరుసలోని పనే. పిల్లలతో పనిచేసేవారికి మన విక్టోరియా రాష్ట్రంలో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అనే ప్రభుత్వ తనిఖీ అవసరం. స్వచ్ఛంద సేవకులకు రుసుము లేదు, ఈ రోజే దరఖాస్తు చేయండి.

సంగీతం సిస్టర్ గారూ, మిమ్మల్ని నొప్పించినందుకు మన్నించండి. మీ పంపకం నేను అనుకున్నదానికంటే మేలుగా ఉంది. ఇళ్లకు వెళ్లే గుంపుల్లో కారు ఉన్నవారు కూడిక రోజున ఆ పెద్దవారినే తీసుకువస్తే, రవాణా సమస్య కూడా చాలావరకు తీరుతుంది. గిన్నెల దగ్గర మూడో మనిషిగా నా పేరు రాసుకోండి.

ఇద్దరు పిల్లల కొలతలు ఇంకా అందలేదు. భుజం నుంచి చీలమండ వరకు కొలిచి అంగుళాల్లో పంపండి. సోమవారం ఉదయం మా అత్త కత్తెర పట్టేలోగా అవి నాకు చేరాలి.