రూపాంతరం అనే మాట: పళ్లు, వేళ్లు, అరటి బోదె

ఇంటర్ చదివే మా అమ్మాయి నిన్న రాత్రి బోటనీ పుస్తకం ముందేసుకుని ఒక ప్రశ్న వేసింది. పుస్తకంలో 'స్వరూపశాస్త్రం' అని పాఠం ఉంది, దాన్నే వాళ్ల లెక్చరర్ మార్ఫాలజీ అంటున్నారు. నువ్వు ఎంఏ తెలుగులో చదివింది కూడా మార్ఫాలజీయే అన్నావు కదా నాన్నా, మరి మీరేమో 'పదనిర్మాణశాస్త్రం' అంటారు, ఇంతకీ రెండూ ఒకటేనా కాదా అని. ఆ పూటకి "రెండూ రూపం గురించేలే" అని తప్పించుకున్నాను గానీ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా, తప్పులుంటే దిద్దండి.

మాట పుట్టింది మొక్కల దగ్గరే. జర్మన్ కవి గోథే 1790లో మొక్కల రూపాంతరం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. పువ్వులోని భాగాలన్నీ ఆకే రకరకాలుగా మారిన రూపాలని ఆయన వాదన. (మన పుస్తకాల్లో రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు అని రాసుకుంటున్నాం చూడండి, ఆ 'పత్రాలు'లో గోథే కూర్చునే ఉన్నాడు, మనమే ఎప్పుడూ పట్టించుకోలేదు.) తర్వాత కొన్నేళ్లకి ఈ రకం పరిశీలనకి గ్రీకులో రూపం అనే అర్థమున్న 'మార్ఫే' నుంచి పేరు పెట్టాడు. దాన్ని 1859లో భాషలకి తెచ్చినవాడు ఆగస్ట్ ష్లైకర్, తోటపని అంటే ప్రాణమిచ్చే భాషావేత్త, భాషలు కూడా మొక్కల్లాగే పుట్టి పెరిగి రాలిపోతాయని నమ్మిన మనిషి. కాబట్టి మాట ఒక శాస్త్రం నుంచి ఇంకో శాస్త్రానికి తెలిసే వచ్చింది, ఏదో పొరపాటున పేరు కలిసింది కాదు.

సరే, చరిత్ర పక్కన పెట్టి అరటి చెట్టు దగ్గరికి వద్దాం. పెరట్లో గెల కోశాక బోదె నరికినవాళ్లకి తెలుసు, అది పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఆ పొరలన్నీ ఆకుల అడుగుభాగాలు, ఒకదాన్నొకటి చుట్టుకుని మాను లాగా నిలబడ్డాయి, అంతే. అసలు కాండం నేలలో దుంపగా ఉంటుంది, గెల వేసే వేళకి అది బోదె మధ్యలోంచి తెల్లటి ఊచలా పైకి వస్తుంది. మనం ఆవపెట్టి కూర వండుకునే దవ్వ అదే, కొందరు దూట అంటారు. అంటే మనం కాండం అనుకునేది ఆకు, కూరలోకి తరుక్కునేది కాండం. నాగజెముడుకి ఇది తిరగబడి ఉంటుంది: పచ్చటి అట్ట కాండం, ముళ్లు ఆకులు. ఇక బంగాళాదుంప, చిలగడదుంప రెండింటినీ దుంపలే అంటాం గానీ మొదటిది కాండం, రెండోది వేరు. ఎలా తెలుస్తుందంటే బంగాళాదుంప మీద కళ్లుంటాయి, ఒక్కో కన్నులో మొగ్గ, ఆ కళ్లు కొమ్మ మీద కణుపుల్లాగే ఒక వరసలో దుంప చుట్టూ తిరుగుతాయి. చిలగడదుంపకీ మొలకలొస్తాయి కానీ ఆ వరస ఉండదు.

ఇప్పుడు తెలుగు చూడండి. చేతి వేళ్లు, చెట్టు వేళ్లు. మాట ఒకటే, లోపల ఉన్నవి రెండు, వేలు, వేరు. వెనక 'లు' తగిలేసరికి ఒకదానిలో లకారం, ఇంకోదానిలో రకారం రెండూ కరిగి 'ళ్ల'లో కలిసిపోయాయి. పళ్లు కూడా అంతే, పన్నుకీ పళ్లే, పండుకీ పళ్లే. కానీ ఆదాయపు పన్నుకి మాత్రం పన్నులు, ఎవరూ "పళ్లు కట్టాను" అనరు (కట్టుడు పళ్లు వేరే సంగతి). అంటే నోట్లో పన్ను, ప్రభుత్వానికి కట్టే పన్ను పైకి ఒకేలా కనబడతాయి గానీ బహువచనం చేసేసరికి బయటపడిపోతాయి. నాకు ఇది అచ్చం బంగాళాదుంప కన్ను లాగా అనిపించింది. పై రూపం మోసం చేస్తే ఎక్కడ మొలకెత్తుతుందో చూడాలి.

ఇక రెండో వైపు, ఒకే వస్తువు వేషాలు మార్చడం. ఇల్లు, ఇంటి, ఇళ్లు. నోరు, నోటి, నోళ్లు. చేయి, చేతి, చేతులు. అన్నకు, తమ్ముడికి అనే చోట కు, కి ఒకే విభక్తికి రెండు ముఖాలు, ముందు ఇకారం ఉంటే కి, లేకపోతే కు (మాట్లాడేటప్పుడు మనలో చాలామంది అంతటా కి అనేస్తాం, నేనూ అంతే). భాషాశాస్త్రం పుస్తకాల్లో వీటిని సపదాంశాలు అంటారు. మార్ఫాలజీ అంటే రూపాన్ని వర్ణించడం కాదు, మారిన రూపంలో పాత మనిషిని పట్టుకోవడం, ఒకేలా ఉన్న ఇద్దర్ని విడదీయడం అని నాకు అర్థమైంది. బోటనీవాళ్లు కాండ రూపాంతరాలు, వేరు రూపాంతరాలు అంటారు. మన పాత నిఘంటువుల్లో ఒక మాటకి ఇంకో రూపం ఉంటే 'రూ.' అని గుర్తు పెట్టేవారు, అదీ రూపాంతరమే. స్వరూపశాస్త్రం, పదనిర్మాణశాస్త్రం అని రెండు పేర్లు పెట్టి విడదీసుకున్నాం గానీ రెండింటికీ పనికొచ్చే మాట మనింట్లోనే ఉంది. మీరేమంటారు?

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలు:
మా దగ్గర పళ్లు అనరు సార్, పండ్లు అంటరు. పండ్లు తోముకున్నవా, సంతల పండ్లు తెచ్చినవా, రెండూ పండ్లే. కండ్లు, ఇండ్లు కూడా. మీ ళ్లు కంటె మా డ్లు పాతదే కదా?

నా జవాబు:
అవునమ్మా, పాత పద్యాల్లో పండ్లు, ఇండ్లు ధారాళంగా కనబడతాయి. మీ మాటలో ఇంకో తమాషా ఉంది. పండు, పండ్లులో డ సొంత ఆస్తి. పన్ను, కన్ను, ఇల్లు వీటిలో డ లేనే లేదు, అయినా బహువచనంలో ఊడిపడింది. అంటే మీ పండ్లు రెండూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే గడప తొక్కాయి. ళ్లు మాట్లాడే మాకు ఆ సంగతి కనబడే వీలే లేదు.

ఒక పెద్దాయన:
మాటలు కలిపేయకండి. ఇల్లు 'ఇంటి' కావడం రూపాంతరం కాదు, ఆదేశం. విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలు ఔపవిభక్తికాలని చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్పష్టంగా చెప్పాడు. నిఘంటువులో 'రూ.' వేరు, ఇది వేరు.

నా జవాబు:
మాస్టారూ, నిఘంటువు విషయంలో దొరికిపోయాను, ఒప్పుకుంటున్నా. అక్కడ రూపాంతరం అంటే ప్రత్యామ్నాయ రూపం, రెండిట్లో ఏది వాడినా చెల్లుతుంది, ఇల్లు ఉండాల్సిన చోట ఇంటి చెల్లదు. కానీ మీరు ఆదేశం అన్నారు కాబట్టి అసలు తేడా అక్కడే ఉందేమో చూడండి. ఆదేశం శత్రువు లాంటిది, ఉన్నదాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుందని బళ్లో చెప్పేవారు. గోథే చెప్పేది అది కాదు, ఎవరూ పోలేదు, ఉన్న ఆకే మారింది అంటాడు. ఇంగ్లీషులో గో అనే క్రియకి భూతకాలం వెంట్, అది నిజంగా శత్రువే, వెండ్ అనే వేరే క్రియ భూతకాలం వచ్చి పాత రూపాన్ని వెళ్లగొట్టి కూర్చుంది. మన రా, వచ్చాడు కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి, రెండు ధాతువులేమో అనిపిస్తుంది. కానీ పక్కన తమిళంలో వా, వరు ఉన్నాయి. వర్ అనే దాంట్లో అచ్చు అటునుంచి ఇటు దూకి వ్రా అయి, వకారం కూడా జారిపోయి రా మిగిలింది. అంటే శత్రువు కాదు, సొంత మనిషే, గుర్తుపట్టలేనంతగా మారాడు. సూత్రంలో రెండింటినీ ఒకేలా రాయొచ్చు, చరిత్రలో మాత్రం రెండూ ఒకటి కాదు. ఇందులో మీరు నాతో ఏకీభవించరని తెలుసు.

పెద్దాయన:
ఏకీభవించను. సూరి భాషాచరిత్ర రాయలేదు, వ్యాకరణం రాశాడు. కానీ వ్రా బాగుంది.

ఒక కుర్రాడు:
అన్నా, మార్ఫిన్ కూడా ఈ కుటుంబమేనా?

నా జవాబు:
దూరపు చుట్టం తమ్ముడూ. కలల్లో రకరకాల రూపాలు చూపించే గ్రీకు దేవుడు మార్ఫియస్, ఆయన పేరు మీదుగా ఆ మందుకి పేరు వచ్చింది. మొక్కలో తేలినా మందులో తేలినా రూపమే.

గోదావరి జిల్లా నుంచి ఒకావిడ:
పళ్లు, వేళ్లు అన్నారు, మంచం కోళ్లు మర్చిపోయారేంటండీ. నవారు మంచానికి నాలుగు కోళ్లు, ఒక్కొక్కటి కోడు. పెరట్లో తిరిగేవి కూడా కోళ్లే, ఒక్కొక్కటి కోడి. మా మామ్మ మధ్యాహ్నం కునుకు తీస్తూ "కోళ్ల కింద కోళ్లు దూరాయే, తోలండర్రా" అని అరిచేది.