నాన్నకు డిజబిలిటీ పెన్షన్ రిజెక్ట్ చేశారు, ఇప్పుడు కేసు వేయొచ్చా?

బ్రాడీపేట అబ్బాయి:
మాది గుంటూరు. నాన్న ఆర్మీలో 22 ఏళ్లు చేసి 2019లో హవల్దారుగా రిటైరయ్యారు. దిగేముందు మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం వైకల్యం రాసింది గానీ, పీస్ స్టేషన్‌లో (యుద్ధం, సరిహద్దు డ్యూటీ లేని చోట) ఉండగా వచ్చింది కాబట్టి సర్వీసుకి సంబంధం లేదని ఒక్క ముక్కతో కొట్టేశారు. మామూలు పెన్షన్ వస్తోంది. మొన్న విజయవాడలో ఒకాయన ఫీజేం వద్దు, వచ్చే ఎరియర్స్‌లో 30 శాతం ఇవ్వండి చాలు అంటూ ఖాళీ కాగితం మీద సంతకం అడిగాడు. నాన్నేమో పోనీలేరా అంటున్నారు. ఏం చేయమంటారు?

రిటైర్డ్ సుబేదార్, విజయవాడ:
తమ్ముడూ, ఆ సంతకం మాత్రం పెట్టనివ్వకు. ముందు నాన్నగారి నల్ల ట్రంకు పెట్టె దింపి మెడికల్ బోర్డు కాగితాలు, రిజెక్ట్ చేసిన లెటరు వెతుకు. లేకపోతే రికార్డ్ ఆఫీసుకి పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఆర్టీఐ వెయ్యి. నాదీ ఇదే బాధ, నాకు షుగరు. చేరినప్పటి మెడికల్‌లో జబ్బు ఊసు లేకపోతే అది సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలని, కాదంటే నిరూపించాల్సింది వాళ్లేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పీస్ స్టేషన్ అయితే టెన్షన్ ఉండదా ఏంటి!

గవర్నర్‌పేట లాయరు:
గెలిస్తే ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధమండీ. రిజెక్ట్ లెటరు వచ్చాక మొదటి అప్పీలు ఆరు నెలల్లో వేయాలి. గడువు దాటినా ఆలస్యానికి కారణం రాసి వేయండి, తర్వాత రెండో అప్పీలు, అక్కడా కాకపోతే సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన రాష్ట్రానికి చెన్నై బెంచి, పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే. ఎరియర్స్ మామూలుగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే ఇస్తారు, అందుకే కూర్చున్న ప్రతి నెలా డబ్బు పోయినట్టే. గెలిస్తే 30 శాతం వైకల్యాన్ని 50కి పెంచి లెక్కేస్తారు, 2014 రామ్ అవతార్ తీర్పు అదే. అంటే ఆఖరి జీతంలో 15 శాతం, ఇప్పుడొచ్చే పెన్షన్‌కి అదనంగా. డబ్బు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

బ్రాడీపేట అబ్బాయి:
ట్రంకు దింపాం సార్. లెటరు దొరికింది, మడతల దగ్గర చిరిగింది గానీ తేదీ కనిపిస్తోంది. మొదటి అప్పీలే వేయలేదు. పోనీలేరా అన్న మనిషి పొద్దున్నుంచి కళ్లజోడు పెట్టుకుని అదే చదువుతున్నారు. సోమవారం సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్తున్నాం, ఒరిజినల్స్ ఇవ్వాలా, జిరాక్సులు సరిపోతాయా?

రిటైర్డ్ సుబేదార్, విజయవాడ:
జిరాక్సులే. ఒరిజినల్ ఎవరడిగినా చూపించు, చేతికివ్వకు.