లంఖణమా, లంఘనమా? అసలు చేయమన్నదేమిటి?

విశాఖ సీతమ్మధార నుంచి: “లంఖణం పరమౌషధం” అని రాస్తే, లంఘనం అని రాయాలని ఒకరు దిద్దారు. లంఘనమంటే దూకడం కదండీ, సముద్ర లంఘనంలో లాగ. పస్తుకీ దూకడానికీ ఏమిటి చుట్టరికం? కార్తికం వెళ్తూ చలి దిగే ఈ రోజుల్లో రొంప పట్టిన ప్రతివాళ్ళకీ ఈ మాటే చెబుతున్నారు.

మహారాణిపేట నుంచి: సంస్కృతంలో లంఘనమే. ‘లఘి’ ధాతువుకి గతి అనే అర్థంతో పాటు భోజనం మానడం అనే అర్థాన్నీ ధాతుపాఠం చెబుతుంది. తెలుగు వాడుకలో ఘ కాస్తా ఖ అయింది. దూకడానికి లంఘనం, పస్తుకి లంఖణం అని మనవాళ్ళు వేరుచేసుకున్నారు. హాయిగా ఉంది, దిద్దక్కర్లేదు.

ఆయుర్వేద వైద్యంలో మాత్రం ఈ మాట పరిధి చాలా పెద్దది. చరకసంహిత సూత్రస్థానం 22వ అధ్యాయంలో “యత్కించిల్లాఘవకరం దేహే తల్లంఘనం స్మృతమ్” అని ఉంది. ఒంటికి తేలిక తెచ్చేది ఏదైనా లంఘనమే. అక్కడే పది రకాలు చెప్పారు: నాలుగు శోధనలు (వాంతి, విరేచనం వంటివి), దప్పిక ఓర్చుకోవడం, గాలి, ఎండ, పాచనం (అరిగించే మందు), ఉపవాసం, వ్యాయామం. అంటే పొద్దున్నే బీచ్ రోడ్డు మీద ఎండ తగిలేలా నడిచినా లంఖణం చేసినట్టే! శోధనలు వైద్యుడి చేతిలో పని, ఇంట్లో వద్దు. దప్పిక ఓర్చుకోవడం కూడా ఉక్కపోతలో చెమటోడ్చే మన ఊరికి పనికిరాదు.

ఎంవీపీ కాలనీ నుంచి: మాస్టారూ, ఈ రోజులకే చెప్పిన శ్లోకం ఒకటుంది. కార్తికం చివరి ఎనిమిది రోజులూ మార్గశిరం మొదటి ఎనిమిది రోజులూ యమదంష్ట్ర, అంటే యముడి కోర అని, “స్వల్పభుక్తో హి జీవతి” (కొద్దిగా తిన్నవాడే బతుకుతాడు) అని ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు అన్నాడు. మరో గ్రంథకర్త వాగ్భటుడు ఏ రెండు ఋతువుల మధ్యనైనా ఏడేసి రోజులు లెక్కగట్టి ఋతుసంధి అన్నాడు. పాత అలవాటు మెల్లగా వదులుతూ కొత్తది మెల్లగా పట్టాలి, ఒక్కసారిగా మార్చడమే రోగకారణం అన్నాడు. పావు వంతు చొప్పున మార్చమనీ మరోచోట చెప్పాడు. రాత్రి పెరుగు అలవాటున్నవాళ్ళు మూడు నాలుగు రోజులకొకసారి పావు వంతు తగ్గిస్తూ ఆ మేరకు పల్చటి మజ్జిగ పోసుకుంటే పద్నాలుగు రోజుల్లో సాఫీగా మారిపోతారు. చన్నీళ్ళ స్నానం నుంచి వేన్నీళ్ళకూ అంతే, చెంబు చెంబుగా.

సోమవారం నక్తాల్లో జరిగే పొరపాటు కూడా చెప్పాలి. పగలంతా గుక్కెడు నీళ్ళు లేకుండా ఉండి, చుక్కలు చూశాక పులిహోర, గారెలు! ఆ రాత్రికి కడుపుబ్బరం ఖాయం.

గాజువాక నుంచి: మరి ఏం తినాలండీ? కొలతలు చెప్పండి.

మహారాణిపేట నుంచి: మండానికి (గంజి తేట) బియ్యానికి 14 రెట్లు నీళ్ళు, యవాగువుకి (జావ) 6 రెట్లు. అర గ్లాసు పాత బియ్యం దోరగా వేయించి, రవ్వలా దంచి, 7 గ్లాసుల నీళ్ళలో మూత వారగా పెట్టి ఉడికించి, పైతేట వార్చుకుంటే మండం. మొదటి పూటకి అది చాలు. మర్నాడు అంతే బియ్యానికి 3 గ్లాసులతో యవాగువు, మూడో రోజు బీరకాయ పథ్యం. కొత్త బియ్యం బరువు, జిగురు. కుక్కర్ వద్దు, రవ్వ చితికి ముద్దవుతుంది.

దాహానికి లీటరు నీళ్ళలో చెంచా ధనియాలు, పావు చెంచా దంచిన శొంఠి వేసి ముప్పావు లీటరు అయ్యేదాకా మరగబెట్టి గోరువెచ్చగా తాగండి. శరత్తులో పైత్యం ఎక్కువ కనుక శొంఠి పెంచితే గుండెల్లో మంట.

పాడేరు నుంచి: మా కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకే మిరియాన్ని మరిచారు! నలుగురి చారుకి అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, దించే ముందు వేసి ఒక్క పొంగు రానివ్వండి. ముందే వేసి మరిగిస్తే సువాసన పోయి కారమే మిగులుతుంది.

గాజువాక నుంచి: ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?

మహారాణిపేట నుంచి: చరకుడే గుర్తులు చెప్పాడు. ఒళ్ళు తేలికై, మత్తు వదిలి, ఆకలీ దప్పికా కలిసి పుట్టి, మనసు “నిర్వ్యథ”మైతే, అంటే బాధ లేకుండా ఉంటే, సరిగ్గా కుదిరినట్టు. కీళ్ళ నొప్పులు, నోరెండడం, ఆకలి చచ్చిపోవడం, “మనసః సంభ్రమః” (మనసు గాభరా) కనబడితే అతి అయింది, వెంటనే తినాలి. షుగరు మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలు, బాగా పెద్దవాళ్ళు పస్తు జోలికి పోకూడదు. ఇది డెంగీ, మలేరియా కాలం కూడా. జ్వరం తగిలితే లంఖణం సంగతి తరవాత, ముందు డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించాలి.

సీతమ్మధార నుంచి: అయితే మార్గశిరమంతా ఇలాగే ఉంటే మంచిదా?

ఎంవీపీ కాలనీ నుంచి: వద్దమ్మా. సంధి దాటాక హేమంతం, జఠరాగ్ని బలంగా ఉండే కాలం. దానికి తగినంత తిండి పడకపోతే ఒంట్లోని రసధాతువునే (ఆహారసారాన్నే) హరిస్తుందని చరకుడి మాట. మార్గశిరం రెండో వారం నుంచి నువ్వులు, మినుములు, నెయ్యి కొంచెం కొంచెంగా తేవాలి, అదీ పావు వంతు లెక్కనే.