ఈ వారం సమస్య: నీరు తాకినంత నిప్పు పుట్టె

మారతహళ్లి మాస్టారు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. పై మూడు పాదాలు మీవి. మూలకాలతో ముడిపడాలి, పదేళ్ల పిల్లకి చదివి వినిపిస్తే అర్థం కావాలి. అంతకుమించి షరతుల్లేవు.

ఈ పాదం నాది కాదు, మా అపార్ట్‌మెంట్ పిల్లలదే అనుకోండి. ఆదివారాలు కింద హాల్లో అట్టముక్కల మీద మూలకాల పేర్లు రాసి పేకముక్కల్లా ఆడిస్తుంటాను. మొన్న సోడియం ముక్కని నీళ్లలో వేసే వీడియో చూపిస్తే ఒక బుడ్డోడు లేచి నిలబడ్డాడు. "నీళ్లు పోస్తే మంట ఆరిపోవాలి కదా తాతయ్యా, పుట్టిందేంటి?" అన్నాడు. సగం సమస్య వాడే ఇచ్చేశాడు, యతి కలపడమే నా వంతు.

జయనగర్ వదినగారు: మాస్టారూ, నా పూరణ.

సోడియమ్ము తునక సుతిమెత్తగా నుండు
కత్తితోడఁ గోయఁ గాంతి మెఱయు
కిరసనాయిలందుఁ గిమ్మన కుండును
నీరు తాకినంత నిప్పు పుట్టె

మాస్టారు: మూడో పాదానికి వంద మార్కులు, వదినగారూ! కిరసనాయిల్లో ఎందుకుంచుతారో పాఠం చెప్పక్కర్లేదు, గాలీ తేమా తగలకపోతే కిమ్మనదు, అంతే. ఒక్క చిన్న సవరణ. 'కుండును' అని 'పుట్టె'తో ముగిస్తే కాలం తేడా కొడుతోంది. 'కిమ్మన కుండెను' అనండి, గణం మారదు.

ఇంకోటి, ఇది పద్యానికి సంబంధించింది కాదు. సోడియం నీళ్లకన్నా తేలిక, పైనే తేలుతుంది. నీటితో కలిసినప్పుడు పుట్టే వేడికి తనే కరిగి గుండ్రటి పూసలా అయి అటూ ఇటూ పరుగెడుతుంది. చిన్న ముక్కయితే ఒక్కోసారి మంట రాకుండానే అయిపోతుంది. మండేది నీరు కాదు, నీటిలోంచి బయటపడిన హైడ్రోజన్. పిల్లలకి ఈ మాట చెప్పకపోతే ఇంటికెళ్లి బకెట్లో అగ్గిపుల్ల వేసి చూస్తారు!

కె.ఆర్.పురం తమ్ముడు: నాది కొంచెం పక్కదారి. తిట్టకండి.

నురుగు నిండెఁ జెఱువు నూనె మురుగు చేరెఁ
బట్టణమ్ములోని పాపమెల్ల
తెల్లమబ్బువోలెఁ దేలుచు వచ్చి యా
నీరు తాకినంత నిప్పు పుట్టె

మాస్టారు: మన బెంగళూరు బెళ్లందూరు చెరువు! 2017 ఫిబ్రవరిలో అది అంటుకున్నప్పటి పొగ చూసినవాళ్లెవరూ ఈ పద్యానికి వ్యాఖ్యానం అడగరు. 'వచ్చి యా' అని పాదం విరిచి కింద 'నీరు' అందుకోవడం బాగుంది తమ్ముడూ. కానీ మూలకమేదీ? షరతు తప్పావు. పద్యానికి మెచ్చుకోలు, పోటీకి మాత్రం సున్నా.

(అత్తాకోడళ్ల మీద వచ్చిన మూడు పూరణలు పక్కన పెట్టాను. మన్నించాలి. కన్నీరు కూడా నీరే అని ఒకరు వాదించారు, అయినా సరే.)

హెచ్ఎస్ఆర్ లేఔట్ అమ్మాయి: తాతయ్యా, నేను తొమ్మిదో తరగతి. ఇది నా రెండో పద్యం.

అన్న లిథియ మేమొ హాయిగా బుసకొట్టు
సోడియమ్ము నడుమ సుడులు తిరుగు
పొట్టివాడు పిదపఁ బొటషియమ్మునకేమొ
నీరు తాకినంత నిప్పు పుట్టె

జయనగర్ వదినగారు: నా పద్యం వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి బహుమతి ఈ పిల్లకే ఇచ్చేయండి.

మాస్టారు: తొందరపడకండి, పరీక్ష ఉంది. అమ్మా, 'అ'కి 'హా' యతి చెల్లుతుందని నీకెవరు చెప్పారు? భేష్. పొటాషియాన్ని పొటషియం చేశావు, ఛందస్సు కోసం ఆ మాత్రం చనువు ఇస్తాను. కానీ 'పొట్టివాడు' ఒప్పుకోను.

అమ్మాయి: చిన్న తమ్ముడంటే పొట్టివాడే కదా తాతయ్యా?

మాస్టారు: ఆ ఇంట్లో కాదు. మూలకాల ఆవర్తన పట్టికలో మొదటి నిలువు వరస చూడు. పరమాణు సంఖ్యలు చెప్తాను: లిథియం 3, దాని కింద సోడియం 11, ఆ కింద పొటాషియం 19. కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది. ముగ్గురికీ చివరి కక్ష్యలో ఎలక్ట్రాన్ ఒక్కటే. పొటాషియానికి అది కేంద్రకానికి మరీ దూరంగా ఉంటుంది, అడిగిందే తడవు ఇచ్చేస్తుంది. అందుకే అంత దూకుడు. మంట లేత ఊదా రంగు.

అమ్మాయి: అయితే 'పొగరుబోతు పిదపఁ బొటషియమ్మునకేమొ' అనొచ్చా?

మాస్టారు: అనొచ్చేమిటి, అదే అను! గణాలు సరిపోయాయి, యతీ సరిపోయింది, గుణమూ పట్టుబడింది. ఇప్పుడివ్వండి బహుమతి.

కె.ఆర్.పురం తమ్ముడు: మా వాడు పక్కనుంచి అడుగుతున్నాడు. పొటాషియానికి గుర్తు 'పి' కాకుండా 'కె' ఎందుకూ అని.

మాస్టారు: 'పి'ని ఫాస్ఫరస్ పట్టుకుపోయింది. లాటిన్‌లో పొటాషియం కేలియం, సోడియం నేట్రియం. అందుకే ఒకటి 'కె', ఇంకోటి 'ఎన్ఏ'. బళ్లో పూర్తి పేరు, ఇంట్లో ముద్దుపేరు ఉన్నట్టే అని చెప్పండి.

సరే, వచ్చేవారం పాదం కూడా ఆటవెలదే.

పేరు పెట్టినారు పిల్ల లేక

జయనగర్ వదినగారు: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

మాస్టారు: ఆ సోమలింగాన్నే పట్టుకోండి, వదినగారూ. 1869లో రష్యా శాస్త్రవేత్త మెండెలీవ్ మూలకాల పట్టిక వేసినప్పుడు తెలిసిన మూలకాలు 63. కొన్ని గళ్లు ఖాళీగా వదిలాడు. అల్యూమినియం కింది గడిలో రావాల్సిన దానికి మన సంస్కృతం మాటతోనే 'ఏక-అల్యూమినియం' అని పేరు పెట్టేశాడు. 1875లో ఫ్రాన్స్‌లో అదే దొరికింది, గాలియం అన్నారు. కనుక్కున్నాయన సాంద్రత ఘన సెంటీమీటరుకి 4.7 గ్రాములు అన్నాడు. మళ్లీ కొలవమన్నాడు మెండెలీవ్, పిల్ల ముఖం చూడకుండానే! కొలిస్తే 5.9 వచ్చింది.

గాలియం దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది. జనవరి బెంగళూరులో బల్ల మీద గట్టిగా ఉంటుంది, అరచేతిలో పెట్టుకుంటే నీరైపోతుంది. కావాలంటే పద్యంలో వాడుకోండి. గడువు గురువారం రాత్రి.