ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) అయ్యాక ఎన్‌జీఓలో చేరితే ఇల్లు గడుస్తుందా?

ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ. ఈ ఏడాదితో అయిపోతుంది. ఫీల్డ్‌వర్క్ వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర తోపుడు బళ్ల వాళ్లతో చేశాను. జనాన్ని కూడగట్టడం, చట్టాల అమలు కోసం తిరగడం... ఇదే చెయ్యాలనుంది. నాన్న కాంట్రాక్టు లేబర్. "సేవ సరే, జీతమెంత?" అంటున్నారు. ఏం చెప్పను?

జవాబు 1:
తమ్ముడూ, పద్నాలుగేళ్లుగా ఇందులోనే ఉన్నాను. నాన్నగారు అడగాల్సిందే అడిగారు. చాలాచోట్ల ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. 2020లో విదేశీ నిధుల చట్టం మార్చి, పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఆ డబ్బు ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థ ఇచ్చే డబ్బుతో నడిచే మా ఆఫీసులో ముగ్గురం మిగిలాం. అందుకే చేరేముందే "నా జీతం ఏ నిధిలోంచి? ఎన్ని నెలలకి?" అని అడుగు. మొహమాటపడకు.

ఇక పని. 2014 వీధి వ్యాపారుల చట్టం చదివే ఉంటావు. ఊళ్లో ఎవరెక్కడ అమ్ముకోవాలో చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. నేనూ ఆ చట్టం వచ్చిన కొత్తలో ఇదంతా గడగడా అప్పజెప్పాను. చేపలమ్మే ఒకావిడ కత్తిపీట మీంచి తలెత్తకుండానే "మీటింగెన్నింటికి?" అంది. పదకొండుకన్నాను. "ఆ యేలకి బుట్టలో సగం చేపుంటాది. నువ్వమ్మిపెడతావేటి?"

మా మొదటి అర్జీ హక్కుల గురించి కాదు, మీటింగు మధ్యాహ్నం మూడింటికి మార్చమని. 41 సంతకాలు, అందులో సగం వేలిముద్రలు. కాగితానికి పులుసు వాసన. గుమస్తా రెండు వేళ్లతో పట్టుకుని తీసుకున్నాడు. టైము మారడానికి నాలుగు నెలలు పట్టింది.

జవాబు 2:
నేను ఏజెన్సీ (గిరిజన ప్రాంతం) వైపు పనిచేస్తా. 1997 సమతా తీర్పు (సమతా అనే ఎన్‌జీఓ వేసిన కేసు) చదువు. అనంతగిరి మండలం, బొర్రా పక్క ఊళ్ల గనుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన చోట, ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదన్నారు. ఇంటర్వ్యూలో అడగొచ్చు. బైక్ నేర్చుకో, ఘాట్ రోడ్డుకి పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా, అన్నా. నాన్నకి చదివి వినిపించాను. "ఎన్ని నెలలకి" దగ్గర నవ్వేశారు. "నాదీ అంతే కదరా, ఇరవయ్యేళ్లుగా" అన్నారు.