స్వస్థత కూటంలో మా వాణ్ణి స్టేజీ ఎక్కించనన్నాను. ఇది అవిశ్వాసమా?

ఒలీవకొమ్మ
అందరికీ వందనాలు. మా బాబుకి ఏడేళ్ళు, ఆటిజం. మాటలు నాలుగైదు వచ్చు, అవీ వాడికి బుద్ధి పుట్టినప్పుడే. పోయిన నెల స్వస్థత కూటంలో పిలిస్తే స్టేజీ మీదికి తీసుకెళ్ళాం. ఆరేడుగురు ఒకేసారి తల మీద చేతులు పెట్టారు. మైకు వాడి చెవి పక్కనే ఉంది. వాడు చెవులు మూసుకుని ఒకటే కేకలు. "చూడండి, బయటికి వస్తోంది" అన్నారొకరు. అక్కడ బయటికి వచ్చింది వాడి భయమే. దిగాక ఇంకొకరు పక్కకి పిలిచి, తల్లి విశ్వాసంలో ఎక్కడో లోటుందన్నారు. వచ్చే నెల మళ్ళీ కూటం ఉంది. మా వారు తీసుకెళ్దామంటున్నారు, నేను వద్దన్నాను. ప్రార్థన కావాలి, ఆ స్టేజీ మాత్రం నావల్ల కాదు. ఇంట్లో ఇదే టెన్షన్. మీరేమంటారు?

గొర్రెలకాపరి
సిస్టర్, మిమ్మల్ని ఆ మాట అనడం తప్పే. కానీ ఒక్కసారి అలా జరిగిందని వెనక్కి తగ్గకండి. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు యేసు దగ్గరికి మోసుకొచ్చారు. జనం అడ్డుంటే ఇంటికప్పు విప్పి మరీ దించారు. నలుగురూ ఏమనుకుంటారో అని ఆగలేదు. యేసు చూసింది వాళ్ళ విశ్వాసాన్ని. పిల్లాడు తనంతట తాను అడగలేనప్పుడు మోసుకెళ్ళాల్సింది మనమే కదా. "వాడింతే, ఒప్పేసుకోండి" అనే మాట ఈ మధ్య సంఘాల్లో కూడా ఎక్కువగా వినిపిస్తోంది. గుడ్డివాడైన బర్తిమయితో ప్రభువు అలా అనలేదు.

తోమా_చెల్లి
బర్తిమయిని ముందు అడిగాడండి, నీకేం చేయాలని. చూపు లేదని ఎదురుగా కనిపిస్తున్నా అడిగాడు.

మీరు మార్కు 2 చెప్పారు, నేను మార్కు 7 చెబుతాను. చెవుడు, నత్తి ఉన్న మనిషిని తీసుకొచ్చి చెయ్యి ఉంచమని జనం వేడుకుంటే, యేసు అతణ్ణి గుంపులోంచి పక్కకి, ఏకాంతంగా తీసుకెళ్ళాడు. చెవుల్లో వేళ్ళు పెట్టాడు, నాలుక ముట్టాడు. వినపడనివాడికి ఏం జరగబోతోందో సైగలతో ముందే చెప్పినట్టు నాకనిపిస్తుంది. తర్వాతి అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాణ్ణయితే చెయ్యి పట్టుకుని ఊరి బయటికే నడిపించాడు. యాకోబు పత్రికలోనూ అంతే, రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది. అంటే కదలాల్సింది పెద్దలు. స్టేజీ మనం కట్టుకున్నది, వాక్యంలో ఉన్నది కాదు.

రెండు_చేపలు
మా పాపకి డౌన్ సిండ్రోమ్. 21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి. ఇది 1959లో బయటపెట్టిన పరిశోధకుల్లో ముఖ్యుడు జెరోమ్ లెజూన్. ఆయన గట్టి క్యాథలిక్ విశ్వాసి, కాబట్టి సైన్సు వేరు భక్తి వేరు అని నాతో వాదించకండి.

దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న ఆ మూడోదాన్ని తీసెయ్యమని ప్రార్థిస్తే మిగిలేది మా పాపేనా? నాకైతే ఆ ప్రార్థన నోట్లోంచి రాదు. డౌన్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, మా పాపకీ ఉండేది. దానికోసం మాత్రం నేల మీద పడి ఏడ్చి ప్రార్థించాం, ఆపరేషనూ చేయించాం. ఏది జబ్బు, ఏది మా అమ్మాయి అని విడదీసుకున్నాక నాకు ప్రార్థించడం తేలికైంది.

అర్ధరాత్రి_మెలకువ
పై పోస్టు బావుంది, కానీ అందరికీ వర్తించదు. మావాడికి పంతొమ్మిదేళ్ళు. మాట లేదు. నిద్ర మూడు గంటలు. కోపమొస్తే తల గోడకేసి కొట్టుకుంటాడు. నాకంటే పొడవు, ఇప్పుడు ఆపాలంటే ఇద్దరం పట్టుకోవాలి. "ఇదే వాడి ప్రత్యేకత" అని ఎవరైనా అంటే ఒక రాత్రి మా ఇంట్లో ఉండి వెళ్ళమంటాను. "ప్రత్యేకమైన పిల్లల్ని దేవుడు ప్రత్యేకమైన తల్లిదండ్రులకే ఇస్తాడు" అనే మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మేము మామూలు మనుషులం. అలిసిపోయాం.

నాకు అద్భుతం కావాలి, దాచుకోను. రోజూ అడుగుతాను. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగాక "నా కృప నీకు చాలును" అని జవాబు వచ్చింది. నాకు పంతొమ్మిదేళ్ళుగా ఏ జవాబూ లేదు. అయినా కూటాలకి తీసుకెళ్ళడం మానేశాను. అక్కడ ప్రార్థన అయ్యాక అందరూ ఇళ్ళకి పోతారు. ఒక్కరు, ఒక్క శనివారం రెండు గంటలు వాడి దగ్గర కూర్చుంటామంటే మేమిద్దరం నిద్రపోతాం. మేము పోయాక వాణ్ణెవరు చూస్తారన్నది అసలు ప్రశ్న. దానిమీద ఒక్క ప్రసంగం వినలేదు.

నిశ్శబ్దం
నేను విశ్వాసిని, ఆటిజం ఉన్న పెద్దదాన్ని. చిన్నప్పుడు నాకూ ఇలాగే చేశారు. చెప్పకుండా వెనకనుంచి చెయ్యి పడితే నాకది ఆశీర్వాదంలా ఉండదు, ఒళ్ళంతా కాలినట్టుంటుంది. స్పీకర్ల శబ్దానికి కడుపులో తిప్పుతుంది. చాలా ఏళ్ళు దేవుడంటేనే శబ్దమనుకున్నాను. మాట రాని పిల్లాడికి కూడా "వద్దు" అని చెప్పే మార్గం ఉంటుంది. చెవులు మూసుకోవడం అలాంటిదే.

గొర్రెలకాపరి
నిశ్శబ్దం గారూ, క్షమించండి, ఆ వైపు నేను ఆలోచించలేదు. అర్ధరాత్రి బ్రదర్ చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒక్క మాట. మార్కు 9లో తండ్రి కొడుకుని శిష్యుల దగ్గరికి తెస్తే బాగుచేయడం వాళ్ళవల్ల కాలేదు. ఆ తండ్రి ఇంటికి పోలేదు, ప్రభువునే అడిగాడు. అందుకే ఆశ వదలకండి అంటున్నాను.

తోమా_చెల్లి
అదే కథ మత్తయి 17లో కూడా చదవండి. మావల్ల ఎందుకు కాలేదని శిష్యులు అడిగితే "మీ అల్పవిశ్వాసము చేతనే" అన్నాడు. అన్నది ప్రార్థించినవాళ్ళని. మార్కులో తండ్రి "నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఒప్పేసుకున్నా ఆయన్నేమీ అనలేదు. మన దగ్గర మాత్రం లెక్క తిరగబడి తల్లి మీదికి వస్తుంది.

ఆ మాటకొస్తే చర్చి ఒక్కటే కాదు. 1950, 60లలో డాక్టర్లు కూడా తల్లి ప్రేమ చల్లారిపోవడం వల్లే ఆటిజం వస్తుందన్నారు, బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని బాగా ప్రచారం చేశాడు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు పుస్తకం రాసి ఆ వాదాన్ని కొట్టిపారేశాడు. ఆయన కొడుక్కే ఆటిజం. "ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా" అని పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్నే ఇది, తెల్లకోటు వేసుకుని వచ్చింది. యేసు ఇద్దరూ కాదన్నాడు.

ఆవగింజ
ఆ మత్తయి 17 పిల్లాణ్ణి మన బైబిల్లో చాంద్రరోగి అన్నారు, లక్షణాలు చూస్తే మూర్ఛలాగే ఉంటుంది. మా పాపకి మూర్ఛ. ఒక కూటంలో "స్వస్థత పొందుకున్నారు, ఇక మాత్రలెందుకు" అన్నారు. నమ్మి ఆపేశాం. నాలుగో రోజు ఫిట్ వచ్చి ఆగలేదు. ఐదు నిమిషాలు దాటితే ప్రాణాపాయమని మాకు ఆసుపత్రిలోనే తెలిసింది. స్వస్థత వస్తే డాక్టరే చూసి మెల్లగా తగ్గిస్తారు. ఎంత విశ్వాసం ఉన్నా ఫిట్స్ మందు సొంతంగా, ఉన్నట్టుండి ఆపకండి. ఈ ఒక్కదానిమీద నాతో వాదన వద్దు.

ఒలీవకొమ్మ
అందరివీ మా వారికి చదివి వినిపించాను. మార్కు 7 దగ్గర ఆగి, బైబిల్ తీసి తానే మళ్ళీ చదువుకున్నారు. కూటానికి ఆయన ఒక్కరే వెళ్తారట, వెళ్ళనీయండి. బాబు నాతో ఇంట్లో ఉంటాడు. పాస్టర్ గారిని అడిగితే ఇద్దరు పెద్దల్ని ఇంటికి పంపుతామన్నారు. తల మీద చెయ్యి వద్దని, గొంతు పెంచొద్దని చెప్పాను. వాడి నిద్ర కోసం, నా ఓపిక కోసం ప్రార్థించమన్నాను. మాటల కోసం కూడా అడగమన్నాను, అడగడం నేను మానలేదు.

అర్ధరాత్రి బ్రదర్, మీ శనివారం మాట మా సంఘంలో ఎత్తాను. ఇప్పటికి ఒకావిడ చెయ్యెత్తారు, మా సంఘంలోనే ఇలాంటి ఇంకో ఇంటికి వెళ్తానని.

గొర్రెలకాపరి
పెద్దలు ఎప్పుడొస్తున్నారు సిస్టర్? ఆ టైముకి మా ఇంట్లోనూ మోకరిస్తాం.

ఒలీవకొమ్మ
గురువారం సాయంత్రం ఏడింటికి. వాడు ఎనిమిదికి పడుకుంటాడు, ప్రార్థన పావుగంట దాటకూడదని ముందే చెప్పేశాను.